చివరి కోతకి తలుపెయ్యాలి

ఆ శనివారం ఇంట్లో ఐదుగురున్నారు. మెర్విన్, అతని తల్లి ఐడా, పదిహేనేళ్ళ కూతురు లినెట్, అడిలైడ్ నుంచి లేత్ మిషన్ చూడటానికి వచ్చిన హాస్కిన్ అనే పెద్దమనిషి, మెర్విన్ భార్య వెర్నా. ఎందరున్నారో వెర్నా వేరే లెక్కపెట్టుకోనక్కర్లేదు. పొద్దున ఆరింటికి లేచి పిండి ఒత్తి, బంగాళాదుంపలూ టర్నిప్పులూ మాంసం ముక్కలూ పెట్టి, తాడు పేనినట్టు అంచులు మడిచి పేస్టీలు చేసేటప్పుడే అది తేలిపోతుంది. రాగి గనుల కాలం నుంచీ ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. ఎవరి పేస్టీ మీద వాళ్ళ పేరులోని మొదటి అక్షరం పిండితోనే చేసి మూలన అంటిస్తారు. గనిలోకి దిగినవాడు సగం తిని పక్కన పెట్టుకుంటే మిగతా సగం మళ్ళీ అతనికే దొరకాలని. గనులు మూతపడి యాభై ఏళ్ళయింది, అక్షరాలు మాత్రం మిగిలాయి. వెర్నా నాలుగు అక్షరాలు అంటించింది. ఐదోది మిగిలిన పిండితో చేసింది. చిన్నది, కొంచెం వంకర. దాని మీద అక్షరం లేదు. అక్షరం లేనిది ఆమెదని అందరికీ తెలుసు కాబట్టి అవసరం లేదు. పంతొమ్మిదేళ్ళుగా అంతే.

ఇంటి వెనక షెడ్డు ఒకప్పుడు గని గుర్రాల కొట్టం. గుర్రం లోపలి నుంచి తలుపు తోసుకుని రాకూడదని దానికి గడియ బయట పెట్టారు. లోపల ఉన్న మనిషి తలుపు దగ్గరికి లాక్కోగలడు గానీ, సముద్రం మీది గాలి ఒక్క ఊపు ఊపితే అది మళ్ళీ బార్లా తెరుచుకుంటుంది. తలుపు నిలవాలంటే బయట ఇంకొకరుండి గడియ వెయ్యాలి. గని మూతపడ్డ ఏడాది మామగారు హెడ్లీ ట్రెంబాత్ అక్కడి వర్క్‌షాపు నుంచి గుర్రబ్బండి మీద తెచ్చుకున్న లేత్ ఆ షెడ్డులోనే ఉంది. పద్నాలుగేళ్ళప్పుడు ఆయన పని నేర్చుకున్నది దాని మీదే. నల్లటి పోత ఇనుము, నాలుగు లావుపాటి కాళ్ళు. ఎడమ చివర కడ్డీని బిగించి పట్టుకుని తిప్పే చక్. దాని ముందు రెండు ఇనుప పట్టాలు, ఆ పట్టాల మీద ఉలిని మోసుకుంటూ మెల్లగా జరిగే బండి. మోటారు నుంచి పుల్లీకి తోలు బెల్టు. బెల్టు అతుకు పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా టక్కుమంటుంది. ఆ టక్కు టక్కు వంటింట్లోకి వినిపిస్తుంది.

మొదటి కోతలు ఎలా పడినా సర్దుకోవచ్చు. చివరి కోతకి ఆ వీలు లేదు. అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువ తీసేస్తే పోయిన ఇనుము మళ్ళీ రాదు. చల్లగాలి తగిలితే వేడెక్కిన కడ్డీ ముడుచుకుని కొలత మారుతుంది. ఇసుక ఎగిరొచ్చి పడితే గీత పడుతుంది. అందుకని చివరి కోత ముందు హెడ్లీ లోపలి నుంచి "చివరిది" అని కేకేసేవాడు. ఆ కేక వినపడితే ఇంట్లో ఎవరైనా సరే చేతిలో పని వదిలేసి వెళ్ళి తలుపు మూసి గడియ వెయ్యాలి. ఆయన తట్టేదాకా తియ్యకూడదు. పలకరించకూడదు. వెర్నాకి పెళ్ళయిన మూడో రోజునే ఆ కేక వినబడింది. ఆమె పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి పాలు పొంగి పొయ్యంతా మాడు వాసన. అత్తగారు ఐడా తడిగుడ్డ చేతికిచ్చి, "పాలదేముంది, మళ్ళీ కాచుకోవచ్చు" అంది.

ఆ మాట వెర్నా లోపల ఎక్కడో అలా ఉండిపోయింది. పాలు మళ్ళీ కాచుకోవచ్చు. గిన్నెలు మళ్ళీ తోముకోవచ్చు. నేల మళ్ళీ ఊడ్చుకోవచ్చు. తను చేసేవన్నీ మళ్ళీ చేసుకోగలిగిన పనులే, అందుకే వాటి మధ్యలో ఎవరైనా పిలవచ్చు. నా చొక్కా ఎక్కడ, టీ అయిందా, ఆ దీపం కాస్త ఇలా పట్టు. ఆసుపత్రి బట్టలుతికే చోట వారానికి మూడు పూటలు పని చేస్తుంది, అక్కడా అంతే. ఉతికిన దుప్పటే మర్నాడు మళ్ళీ వస్తుంది, అదే మరకతో. నీళ్ళు పిండే యంత్రంలో రోలర్లని పట్టి ఉంచే ఇనుప పిన్ను విరిగి ఆరువారాలైంది. పెద్ద ఊరి నుంచి మెకానిక్ రావాలని పైవాళ్ళు అంటున్నారు. వచ్చేదాకా ఏడుగురు ఆడవాళ్ళు చెరో చివరా పట్టుకుని దుప్పట్లు మెలితిప్పి పిండుతున్నారు. రాత్రి పడుకున్నాక వెర్నా మణికట్లు ఇంకా పిండుతున్నట్టే ఉంటాయి. చేసింది చేసినట్టు నిలిచే పని ఒకటుంటుందని ఆమెకి చాలాకాలం తెలియదు.

తెలిసింది దీపం పట్టడం వల్ల. పన్నెండేళ్ళ కిందట హెడ్లీకి చూపు మందగించడం మొదలైంది. "అమ్మాయ్, కాస్త దీపం పట్టు" అని పిలిచేవాడు. ఆమె చేతి దీపం పట్టుకుని ఆయన భుజం పక్కన నిలబడేది. మొదట్లో కాళ్ళ నొప్పే తెలిసేది. తర్వాత చూడ్డం తెలిసింది. తుప్పు పట్టిన, దేనికీ కొరగాని కడ్డీ ఒకటి చక్‌లో తిరుగుతూ ఉంటుంది. ఉలి మొన దాన్ని తాకుతుంది. ఎర్రటి తుప్పు కింద నుంచి వెండిలాంటి వెలుగు ఒక సన్నని ఉంగరంలా మొదలై, చూస్తుండగానే కడ్డీ పొడవునా పాకుతుంది. ఉలి మీది నుంచి ఇనుము రిబ్బను చుట్టలా లేస్తుంది. ముందు గడ్డిరంగు, తర్వాత నీలం. ఇనుముకి అంత మెత్తదనం ఉందని, అన్ని రంగులున్నాయని, అవి ఎప్పుడూ లోపలే ఉన్నాయని చూసి వెర్నా చేతిలో దీపం సంగతే మర్చిపోయింది. దీపం కదిలింది. "దీపం" అని గొణిగాడు హెడ్లీ.

ఆరేళ్ళ కింద ఆయన కళ్ళు పూర్తిగా తెల్లబడ్డాయి. ఒకరోజు ఆయనే పక్కకి జరిగి ఆమె చెయ్యి పట్టుకుని ఉలి బండిని నడిపే చేతి చక్రం మీద పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. ఆ తర్వాత ఊళ్ళో గాలిమరల పంపు కడ్డీలూ, ట్రాక్టరు పిన్నులూ, చర్చి గంట ఇరుసూ ఆ లేత్ మీద ఆమె చేతులతోనే తయారయ్యాయి. ఆయన స్టూలు మీద కూర్చుని చప్పుడు విని, "ఉలి మొద్దుబారింది" అనో "మెల్లగా" అనో అనేవాడు. కేక మాత్రం ఆయనే వేసేవాడు, ఐడా వచ్చి లోపలికి చూడకుండా గడియ వేసి వెళ్ళేది. చక్రం మీద చెయ్యి ఆమెది, "చివరిది" అన్న గొంతు ఆయనది. హెడ్లీకి కళ్ళు పోయినా వేళ్ళు పోలేదని ఊరంతా నోరు వెళ్ళబెట్టుకుని చెప్పుకున్నారు. పని చేయించుకున్నవాళ్ళు బీరు సీసాలు తెచ్చి ఆయన వీపు తట్టేవాళ్ళు. ఆయన అవుననలేదు, కాదనలేదు. వెర్నా గ్లాసులు కడిగింది. మార్చిలో పోయేముందు ఆమె చెయ్యి వెతికి పట్టుకుని, "లేత్‌కి నూనె వెయ్యడం మర్చిపోకు" అన్నాడు. ఇంకో మాటేమైనా వస్తుందేమోనని ఆమె కాసేపు అలాగే వంగి ఉంది.

ఇప్పుడు మెర్విన్‌కి ఆ షెడ్డు కావాలి. చేపలకీ పీతలకీ వెళ్ళే పడవ ఒకటి కొన్నాడు. బయట టార్పాలిన్ కింద ఉంది, వానకి తడుస్తోంది. ఇల్లూ షెడ్డూ ఐడా పేరు మీదే ఉన్నాయి గనక తల్లిని అడిగాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ, నీ ఇష్టం అంది. వెర్నాని ఎవరూ అడగలేదు. ఒకసారి మాత్రం, పళ్ళేలు తీస్తూ, అది ఉండనివ్వకూడదా అని ఆమే అంది. మెర్విన్ నవ్వాడు. "ఉంచి ఏం చేస్తావ్? నూనె రాసి ముద్దు పెట్టుకుంటావా?" తర్వాత నవ్వు ఆపేసి, "నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక్క ఉలి విరగ్గొట్టానని నన్ను బయటికి గెంటి తలుపేశాడు నాన్న. మళ్ళీ తియ్యలేదు. ఆ ఇనుము ఈ ఇంట్లో ఉంటే నాకు ఆ తలుపే కనిపిస్తుంది" అన్నాడు. అది నిజమేనని వెర్నాకి తెలుసు. నిజమే గనక పళ్ళేలు సింకు దగ్గరికి తీసుకెళ్ళింది.

చూపించడానికి శుభ్రంగా ఉండాలని మెర్విన్ గురువారం లేత్ కాళ్ళ బోల్టులు విప్పి, మేస్త్రీలు వాడే రసమట్టం పైన పెట్టి, బుడగ సరిగ్గా మధ్యలోకి వచ్చేలా సర్ది, మళ్ళీ బిగించాడు. ఊడ్చే పని వెర్నాది. ఇనుప రజను, నూనె పట్టిన దుమ్ము, చచ్చిన బొద్దింకల మధ్య చీపురికి ఒక రేకు ముక్క తగిలింది. పొగాకు డబ్బా మూత నుంచి కత్తిరించినది, బొటనవేలి గోరంత, ఒక మడత మడిచినది. చూడగానే ఆమె గుర్తుపట్టింది. ఆ రేకుని కత్తిరించింది తనే. లేత్ కుడి చివర ముందు కాలి కింద దాన్ని పెట్టడానికి మూడు సాయంత్రాలు పట్టింది. కాలు వెంట్రుకవాసి దిగినా పట్టాలు మెలిపడతాయి, కడ్డీ ఒక చివర లావుగా, ఒక చివర సన్నంగా వస్తుంది. రేకు పెట్టడం, కడ్డీ కొయ్యడం, కొలవడం, రేకుని ఆకురాయితో అరగదీయడం, మళ్ళీ పెట్టడం. "బుడగ మాట వినకు అమ్మాయ్, కడ్డీ ఏమంటుందో విను" అన్నాడు హెడ్లీ అప్పుడు. మెర్విన్ బుడగ మాట విన్నాడు. రేకుని చెత్తలోకి తోసేశాడు. వెర్నా దాన్ని తుడిచి ఆప్రాన్ జేబులో వేసుకుంది. ఆ జేబులో అప్పటికే ఆసుపత్రి రోలరు విరిగిన పిన్ను ఉంది. దాన్ని ఎందుకు తెచ్చుకుందో తనకే సరిగా తెలియదు.

హాస్కిన్ మర్యాదస్తుడు. చిన్న చిన్న ఆవిరి ఇంజన్లు చేసి ప్రదర్శనల్లో పెడతాడట. లేత్ చుట్టూ మెల్లగా తిరిగి చేత్తో నిమిరాడు, చర్చిలోకి వచ్చినవాడిలా టోపీ తీశాడు. తను తెచ్చుకున్న కడ్డీని చక్‌లో బిగించి ఒక పలచని కోత కోశాడు. మైక్రోమీటరుతో చక్ దగ్గర కొలిచాడు, చివర కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. టీ ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ వెర్నా అతని మొహం చూసి జవాబు చదివేసింది. వెయ్యో వంతులు నాలుగు తేడా. సిగరెట్టు చుట్టుకునే కాగితాలు నాలుగు కలిపితే ఎంతో అంత. కుడి చివర లావు. అవును, అటే ఉండాలి, రేకు లేదు కదా.

"పట్టాలు అరిగిపోయాయండీ," అన్నాడు హాస్కిన్. నిజంగా బాధపడుతున్నాడు. "ఒకప్పుడు గొప్ప మిషన్. కానీ చివర్లో దీన్ని వాడినవాళ్ళు పాడుచేశారు. పని తెలియని చెయ్యి."

వెర్నా ట్రే కింద పెట్టింది. ఒక్క మాట చాలు. రేకు తీసి అరచేతిలో పెట్టి చూపిస్తే చాలు. పట్టాలకేమీ కాలేదు, ఇది పెట్టండి, మళ్ళీ కొయ్యండి. అప్పుడు హాస్కిన్ టోపీ ఆమెకోసం తీస్తాడు. ఆమెకి పని తెలుసని జీవితంలో మొదటిసారి ఒక బయటి మనిషికి తెలుస్తుంది. ఆ తర్వాత లేత్‌ని ట్రక్కు మీదికి ఎక్కించి తీసుకుపోతాడు. చెప్పకపోతే లేత్ ఉంటుంది, పని తెలియని చెయ్యి అన్న మాటా ఉంటుంది. ఎప్పుడూ ఇంతే. తెలిసినట్టు కనబడటమో, ఉంచుకోవడమో, రెండిట్లో ఒకటి. వెర్నా కప్పులు సర్ది, "చక్కెర ఎన్ని చెంచాలండీ?" అంది.

భోజనాల దగ్గర ఆ సంగతి ఐడా అడిగి తెలుసుకుంది. హాస్కిన్ చెప్పిన మాట మెర్విన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎనభై ఒక్కేళ్ళ ఐడా తన పేస్టీ మీది అక్షరాన్ని వేలితో విరిచి పక్కన పెట్టింది. వెర్నా వైపు ఒకసారి చూసింది. హాస్కిన్ లేత్ తనకొద్దని చెప్పి, హోటల్లో రాత్రి ఉండి పొద్దున్నే బయల్దేరతానని సెలవు తీసుకున్నాడు. చక్‌లో బిగించిన కడ్డీ కూడా మర్చిపోయాడు. అతను గేటు దాటాక మెర్విన్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నట్టే ఉన్నాడు. రేపు పాత ఇనుము కొనే రాన్ ట్రక్కు తెస్తాడు, సమ్మెటలు తెస్తాడు, పోత ఇనుము గాజులా పగులుతుంది, గంటలో అయిపోతుంది అన్నాడు. రేడియోలో ఫుట్‌బాల్ పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

వెర్నా సింకులో ఐదు పళ్ళేలు పెట్టింది. కుళాయి తిప్పింది. నీళ్ళు వేడెక్కేదాకా వేలు కింద పెట్టి నిలబడింది. తను నోరు మూసుకుని ఉంచుకున్నది రేపటికి ముక్కలవుతుంది. సమ్మెట దెబ్బ ఎలా వినిపిస్తుందో, ఆ పట్టాలు ఎలా చిట్లుతాయో ఆలోచించింది. తర్వాత పళ్ళేల వంక చూసింది. రేపూ ఇవే పళ్ళేలు. ఎల్లుండీ ఇవే. కుళాయి కట్టేసింది. పళ్ళేలు అలా మురికిగా వదిలేసి సింకు ముందు నుంచి కదలడం ఆమెకి గుర్తున్నంతలో ఇదే మొదలు. వాటికేమీ కాలేదు. అవి అక్కడే ఉన్నాయి.

షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని కుడి చివర ముందు కాలి బోల్టు వదులు చేసింది. కాలు కొంచెం ఎత్తడానికి ఇనుప మీట వేసి ఒళ్ళంతా దాని మీద వాల్చింది. రేకు దోపింది. బోల్టు బిగించింది, మరీ గట్టిగా కాదు, హెడ్లీ అన్నట్టు, చిన్నపిల్ల తలుపు వేసినంత. మోటారు వేసి పది నిమిషాలు ఊరికే తిరగనిచ్చింది. పాత మిషన్ చలికి ముసలివాళ్ళలాగే ఉంటుంది, కాస్త కదిలితేగానీ మాట వినదు. హాస్కిన్ కడ్డీ మీదికి ఉలి తెచ్చింది. అప్పుడు మళ్ళీ అదే. మొదటిసారి దీపం కదిపిన రోజునాటి వెలుగు, సన్నని ఉంగరంలా మొదలై పాకడం. చుట్టలు చుట్టలుగా లేచే నీలం. ఎన్నిసార్లు చూసినా ఆమెకి అది పాతబడలేదు. తను పుట్టకముందు, హెడ్లీ పుట్టకముందు, ఎక్కడో సముద్రాల అవతల ఎవరో పోతపోసిన ఇనుము ఇది. ఎన్ని చేతులు మారిందో. గోరంత రేకు ముక్క పెట్టి అడిగితే ఇప్పటికీ నిజమే చెబుతుంది. అడిగేది ఎవరని అది చూడదు.

కొలిచింది. చక్ దగ్గర ఎంతో, చివరా అంతే. మళ్ళీ కొలిచింది. అంతే.

కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు. జేబులోంచి రోలరు పిన్ను తీసి, అరగని చోట మైక్రోమీటరు పెట్టి కొలత తీసుకుని, కడ్డీని ఆ కొలతకి దించడం మొదలుపెట్టింది. ఒక కోత, ఇంకో కోత. ఏడు జతల మణికట్లు గుర్తొచ్చాయి.

"టీ ఏది వెర్నా? ఆట సగం అయిపోయింది." మెర్విన్ గుమ్మంలో నిలబడ్డాడు. చప్పుడు విని వచ్చి, చూసి, ఒక్క క్షణం అతనికేమీ అర్థం కాలేదు. "నువ్వా? వేళ్ళు ఊడిపోతాయి, ఆపు ముందు."

ఆమె ఆపింది. ఏమీ చెప్పకుండా మైక్రోమీటరుని కడ్డీ మీద చక్ దగ్గర పెట్టి, మెత్తగా పట్టేదాకా తిప్పి, అతని చేతికిచ్చింది. దాని మరను కదపకుండా కడ్డీ చివరికి జరిపి చూడమంది. అతను జరిపాడు. అదే బిగువు. అక్కడా ఇక్కడా ఒకటే మెత్తటి పట్టు. అంకెలు చదవక్కర్లేదు, వేళ్ళకే తెలుస్తుంది. అతని మొహంలో పన్నెండేళ్ళ పిల్లవాడొకడు వచ్చి నిలబడ్డాడు.

"ఎలా?" అన్నాడు మెల్లగా.

"నువ్వు తీసేసిన రేకు మళ్ళీ పెట్టాను."

"నీకెవరు చెప్పారు?"

"పెట్టింది నేనే కదా మెర్వ్. ఆరేళ్ళ కింద. ఆరేళ్ళుగా ఈ పనులన్నీ నేనే చేశాను."

అతను కడ్డీ వంక, ఆమె వంక, స్టూలు వంక చూశాడు. ఆ స్టూలు ఖాళీగా ఉంది. నాన్న నీకు నేర్పాడన్నమాట, అన్నాడు. తర్వాత గొంతు మామూలైపోయింది, అంగట్లో మాట్లాడినట్టు. "సరే. అయితే ఇది బాగుందన్నమాట. హాస్కిన్ ఇంకా హోటల్లోనే ఉంటాడు. ఫోన్ చేస్తా." మైక్రోమీటరు పట్టాల మీద పెట్టి బయటికి నడిచాడు.

చెప్పకపోతే పగలగొడతారు, చెబితే అమ్ముతారు. వెర్నా చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది. అతన్ని వెనక్కి పిలిచి బతిమాలడానికి మాటలు నోట్లో తయారవుతున్నాయి, ఎప్పటిలాగే, నీకు ఇబ్బందైతే వద్దులే అనే మాటతో మొదలయ్యేవి. వాటిని మింగేసింది. మోటారు మళ్ళీ వేసి కడ్డీ వైపు తిరిగింది. ఇంకా వెయ్యో వంతులు రెండు తియ్యాలి. ఒకే కోత. గుమ్మంలోంచి గాలి ఈల వేస్తూ వస్తోంది, తలుపు గోడకి కొట్టుకుంటోంది. వేడి మీద ఉన్న కడ్డీకి ఈ గాలి తగలకూడదు. ఇంకెవరు వాడినా ఈ సమయంలో ఏం చేస్తారో అదే చెయ్యాలి. ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. ఆ మాట ఈ ఇంట్లో ఆమె నోట్లోంచి ఒక్కసారీ రాలేదు.

"చివరిది," అంది.

బల్ల దగ్గర ఉప్పు అడిగినట్టు వచ్చింది. బెల్టు చప్పుడులో ఆమెకే వినబడలేదు. గుండెల నిండా నూనె వాసన పీల్చింది.

"చివరిది."

ఈసారి పెరటి దాకా వెళ్ళింది. సగం దారిలో మెర్విన్ ఆగిపోయాడు. చిన్నప్పటి అలవాటుకి అతని కాళ్ళు షెడ్డు వైపు తిరిగాయి, తర్వాత తిరిగినందుకు సిగ్గుపడ్డట్టు నిలబడిపోయాయి. వంటింటి కిటికీలో లినెట్ మొహం కనబడింది, నోరు కొంచెం తెరుచుకుని. రేడియోలో ఎవరో గోల్ కొట్టారు. ఎవరూ కదల్లేదు. ఇంతేనేమో అనుకుంది వెర్నా. పిలిచే మాటైతే ఉంది, వచ్చేవాళ్ళు లేరు.

అప్పుడు ఇటుకల దారి మీద చేతికర్ర చప్పుడు వినిపించింది. ఐడా వస్తోంది, ఉన్ని శాలువా గాలికి ఎగురుతుంటే ఒక చేత్తో పట్టుకుని. కొడుకు పక్కన ఆగింది.

"నువ్వెందుకొచ్చావమ్మా ఈ చలిలో? హాస్కిన్‌కి ఫోన్ చెయ్యడానికి నేనే లోపలికి వస్తున్నా. నాన్న కాదు, వెర్నా ఏదో..."

"చెవులున్నాయి నాకు," అంది ఐడా. "మీ నాన్న తిప్పితే ఆ బెల్టు ఉరుకులు పెట్టేది. ఈమె తిప్పితే నిదానంగా నడుస్తుంది. ఆరేళ్ళ నుంచి వింటున్నా వంటింట్లోంచి. తెలియదనుకున్నారా అందరూ?"

వెర్నా చెయ్యి చక్రం మీదే ఉంది. తను ఒక్కతే అనుకున్న ఆరేళ్ళలో గోడ అవతల ఒక మనిషి ప్రతి కోతనీ వింటూ ఉంది. ఏ కేక ఎవరి చేతి కోసమో తెలిసే, ఆరేళ్ళుగా వచ్చి గడియ వేసి వెళ్ళింది. ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదని కోపం రావాల్సిన చోట కళ్ళు చెమర్చాయి.

ఐడా గుమ్మం దాకా వచ్చింది. లోపలికి అడుగు పెట్టలేదు; ఎప్పుడూ పెట్టలేదు. కడ్డీ వంక చూసింది. "ఎంత తియ్యాలి?"

"రెండు వంతులు అత్తయ్యా."

"చూసి తియ్యి. ఇనుము మళ్ళీ రాదు." తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరక్కుండానే, "ఫోన్ దగ్గరికి వెళ్ళకు మెర్విన్. నీ పడవ బయటే ఉంటుంది. పడవన్నాక తడుస్తుంది" అంది. ఆ తర్వాత కిటికీ వైపు, "లినెట్, సింకులో పళ్ళేలున్నాయి, మీ నాన్నా నువ్వూ చూసుకోండి. ఆమె తట్టేదాకా ఎవరూ ఇటు రాకండి."

తలుపు మెల్లగా మూసుకుంటూ వచ్చింది. వెలుగు సన్నబడి ఒక గీతైంది. గీత పోయింది. బయట గడియ పడింది.